చిన్న కార్యాలయంలో సమాచార భద్రత: సిబ్బంది మనసెరిగి అవగాహన కల్పించే విధానం

అనంతపురంలో పదిమంది నుంచి నలభై మంది వరకు పనిచేసే కార్యాలయాలు చాలా ఉన్నాయి. వేరుశనగ నూనె మిల్లులు, విత్తనాల వ్యాపార సంస్థలు, ప్రైవేటు ఆసుపత్రులు, డిగ్రీ కళాశాలలు, పరపతి సంఘాలు, ఆడిటర్ల కార్యాలయాలు ఈ కోవకు చెందుతాయి. వీటిలో కంప్యూటర్లు చూసుకోవడానికి ఒక మనిషి ఉండటమే అరుదు. సమాచార భద్రత కోసమే ఒక మనిషి ఉండటం ఇంకా అరుదు. ఎక్కడో సైబర్ మోసం జరిగిందని పత్రికలో చదివిన యజమాని 'మనవాళ్లకూ ఒక క్లాసు పెట్టించండి' అని మేనేజరుకో, లెక్కలు చూసే ఉద్యోగికో, కాస్త కంప్యూటరు తెలిసిన కుర్రవాడికో పురమాయిస్తాడు. అలా ఈ బాధ్యత మీద పడినవారి కోసమే ఇది రాస్తున్నాను.

ఈ పని చేపట్టిన కొత్తలో నేను కూడా గంటసేపు తెర మీద బొమ్మలు చూపించి, చేయకూడని పనుల జాబితా చదివి, చివర హాజరు పట్టీ మీద సంతకాలు తీసుకునేదాన్ని. నెల తిరగకముందే ఆ గదిలో కూర్చున్నవారిలోనే ఒకరు ఎవరికో ఓటీపీ చెప్పేసేవారు. అడిగితే, చెప్పకూడదని తమకు తెలుసనే అనేవారు. తెలిసి కూడా ఆ నిమిషంలో చెప్పారు. ఆ నిమిషంలో మనసు ఎలా నడుస్తుందో గ్రహించి, దానికి తగినట్టు కార్యాలయం పద్ధతులను మార్చడమే అవగాహన కల్పించడమని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మోసగాడు పెట్టుబడిగా వాడుకునేది మన మంచి అలవాట్లనే. పెద్దల మాట కాదనకపోవడం, పని ఆగకుండా చూడటం, అడిగినవారికి సాయపడటం అనే మూడు గుణాలు లేని ఉద్యోగిని ఏ యజమానీ పనిలో పెట్టుకోడు. సరిగ్గా ఆ మూడింటి మీదుగానే మోసం లోపలికి వస్తుంది.

ముందు నా తప్పు చెబుతాను

కొన్నేళ్ల కిందట నేను ఒక సంస్థలో ఖాతాల విభాగంలో ఉండేదాన్ని. మార్చి 30వ తేదీ, సాయంత్రం నాలుగు దాటింది. మర్నాటితో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. బల్ల మీద బిల్లుల కట్టలు, చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టిన ఫోను, అవతల డబ్బు ఎప్పుడు పడుతుందని నిలదీస్తున్న సరఫరాదారు. అప్పుడు తెర మీద ఒక మెయిల్ వచ్చింది: 'మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, ఆరు గంటల్లోగా ధ్రువీకరించకపోతే రేపటి నుంచి మెయిళ్లు అందవు.' మాట్లాడుతూనే లింకు నొక్కాను, మాట్లాడుతూనే పాస్‌వర్డ్ కొట్టాను. పేజీ తెల్లగా మారి అలాగే ఆగిపోయింది. ఆ తెల్లదనం చూశాక గాని నా చూపు పైనున్న చిరునామా మీదికి పోలేదు. మా సంస్థ పేరులో ఒక అక్షరం ఎక్కువగా ఉంది.

లేచి పక్క గదిలోకి వెళ్లి ఆ సంగతి చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అంతకు మూడు నెలల ముందు ఒక సహోద్యోగి ఇలాగే పొరబడినప్పుడు పైఅధికారి అందరి ముందూ 'ఇంత చదువు చదివి ఏం లాభం' అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. చడీచప్పుడు లేకుండా పాస్‌వర్డ్ మార్చి ఊరుకున్నాను. అప్పటికే లోపలికి వచ్చినవాడిని పాస్‌వర్డ్ మార్పు ఒక్కటే బయటికి పంపకపోవచ్చని, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయాలని, మెయిల్ మరొకరికి చేరేలా ఏదైనా ఏర్పాటు పెట్టారేమో సెట్టింగులలో చూడాలని నాకు అప్పుడు తెలియదు. మర్నాడు ఉదయం నా పేరుతో మా కొనుగోలుదారులకు 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ ఖాతాకు చెల్లించండి' అని మెయిళ్లు వెళ్లాయి. వారిలో ఒక పెద్దాయనకు ఎంత డబ్బు పంపినా ముందు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడే అలవాటు ఉండటం వల్ల సంగతి బయటపడింది. లింకు నొక్కడం రెండు క్షణాల తప్పు. దాన్ని పదహారు గంటలు దాచడం నా అసలు తప్పు. నేను దాచడానికి కారణం ఆ కార్యాలయంలో ఒకరిని అవమానించిన తీరు. ఈ కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఆ రెండు రోజుల నుంచి పుట్టినవే.

ఆ నిమిషంలో మనసు నడిచే తీరు

మనస్తత్వ శాస్త్రవేత్త అయివుండి 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్, మనిషి ఆలోచన రెండు తీరుల్లో సాగుతుందని వివరించారు. ఒకటి వేగంగా, అలవాటుగా, శ్రమ లేకుండా నడుస్తుంది. రెండోది నెమ్మదిగా లెక్క చూసుకుంటూ నడుస్తుంది. రోజుకు యాభై మెయిళ్లు చూసే గుమస్తా వాటిని మొదటి తీరులోనే చూస్తాడు, అలా చూడకపోతే సాయంత్రానికి పని పూర్తికాదు. మోసగాడు కోరుకునేది కూడా మనం ఆ తీరులోనే ఉండిపోవాలని. గడువు పెట్టడం, భయపెట్టడం, ఆశ చూపడం, ఫోను పెట్టేయనివ్వకుండా మాట్లాడుతూ ఉండటం అనేవన్నీ రెండో తీరు మేలుకోకుండా చేసే ప్రయత్నాలే.

వీటన్నిటిలో అధికారం పేరు చెప్పి లొంగదీసే పద్ధతి మన ప్రాంతంలో అతి బలమైనదని నా నమ్మకం. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. బూడిదరంగు ల్యాబ్ కోటు వేసుకున్న వ్యక్తి 'కొనసాగించండి' అని చెబుతుండగా, పక్క గదిలోని మనిషికి విద్యుత్ షాకులు పెంచుకుంటూ పోవాలి. నిజానికి ఎవరికీ షాకు తగలదు, ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. తొలి ప్రయోగంలో పాల్గొన్న 40 మందిలో 26 మంది చివరిదైన 450 వోల్టుల వరకు వెళ్లారు. వారెవరూ క్రూరులు కారు. చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ కూడా చెప్పినట్టు చేశారు. ఈ ప్రయోగం గురించి చదివిన తర్వాత నాకు, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' మోసాల మీద ఆశ్చర్యం పోయింది. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనుక గోడ మీద జాతీయ చిహ్నం, చేతిలో కేసు కాగితం కనబడితే చదువుకున్న ఉద్యోగులు, విశ్రాంత అధికారులు కూడా రోజుల తరబడి గదిలో కూర్చుండిపోతున్నారు. భారత చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో దేశానికంతటికీ చెప్పవలసి వచ్చింది. కలెక్టరు కార్యాలయం నుంచి ఫోను అనగానే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే గుమస్తాలను నేను ఇక్కడ చూశాను. వారికి మోసాల పేర్లు వల్లె వేయించడం కంటే, అధికారి గొంతు విన్నా ఆగి చూసుకునే అనుమతి వారికి ఉందని నమ్మకం కలిగించడం ముఖ్యం.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. మనిషిని ఒప్పించే మార్గాలుగా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ ఆరింటిని గుర్తించారు: పొందిన మేలుకు బదులు చేయాలనిపించడం, ఒకసారి ఒప్పుకున్నదానికి కట్టుబడటం, నలుగురూ చేస్తున్నదే చేయడం, ఇష్టమైనవారి మాట వినడం, అధికారానికి తలొగ్గడం, చేజారిపోతుందేమోనని ఆత్రపడటం. వేరుశనగ విత్తే కాలంలో పంట బీమా పేరుతో వచ్చే సందేశంలో చివరి రెండూ కలిసి ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో 'నాకు డబ్బు పడింది' అని ఎవరో పెట్టే మాటలో మూడోది ఉంటుంది. ఈ పేర్లను సిబ్బందికి నేర్పనవసరం లేదు, నిర్వహించే మీకు తెలిస్తే చాలు.

సాయపడాలన్న గుణం గురించి మాత్రం ఒక మాట. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆవరణలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవులను అక్కడక్కడ వదిలి, దాని ఫలితాలను 2016లో ప్రచురించారు. వాటిలో 45 శాతం పెన్‌డ్రైవులను దొరికినవారు కంప్యూటరుకు తగిలించి, అందులోని ఫైళ్లను తెరిచారు. ఎందుకని అడిగితే చాలామంది చెప్పిన కారణం, పోగొట్టుకున్నవారెవరో కనుక్కుని తిరిగి ఇద్దామని. ఇలాంటివారిని 'బుద్ధిలేనివారు' అని తిడితే వారు నేర్చుకునేది ఏమీ ఉండదు.

క్లాసుకు ముందు ఒక వారం గమనించండి

నోటుబుక్కు పట్టుకుని ఒక వారం కార్యాలయంలో కూర్చోండి. ఎవరినీ తనిఖీ చేస్తున్నట్టు కనిపించవద్దు, పని నేర్చుకోవడానికి వచ్చినట్టే ఉండండి. తొందర ఏ వేళలో ఎక్కువగా ఉంటుంది? ఎవరి పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, ఎందుకు తెలియవలసి వచ్చింది? యజమాని డబ్బు పంపమని నోటిమాటగా చెబుతాడా, వాట్సాప్‌లో చెబుతాడా? ఖాతాదారుల ఆధార్, పాన్ నకళ్లు ఎక్కడ పడి ఉంటున్నాయి? ఇవన్నీ రాసుకోండి.

ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో నేను చూసినది చెబుతాను. ముగ్గురు అమ్మాయిలు ఒకే లాగిన్‌తో పనిచేస్తున్నారు. పాస్‌వర్డ్ కీబోర్డు కింద, ఒక మందుల కంపెనీ ఇచ్చిన చీటీ మీద ఉంది. తప్పే. అయితే ఆ సాఫ్ట్‌వేరులో ఒకరు లాగౌట్ చేసి మరొకరు లాగిన్ అవ్వాలంటే దాదాపు రెండు నిమిషాలు పడుతోంది. ఎదురుగా కిటికీ దగ్గర జ్వరంతో ఉన్న పిల్లలను ఎత్తుకుని వరుసలో జనం నిలబడి ఉన్నారు. ఆ స్థితిలో నేనైనా ఆ చీటీనే పెట్టుకునేదాన్ని. వాడేవారిని శత్రువులుగా చూడవద్దని, నియమాలు పనికి అడ్డుపడినప్పుడే జనం పక్కదారి వెతుక్కుంటారని పరిశోధకులు ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాసే 1999లోనే తమ అధ్యయనంలో చూపించారు. కాబట్టి అక్కడ ముందుగా చేయవలసిన పని సాఫ్ట్‌వేరు ఇచ్చినవారితో మాట్లాడి లాగిన్‌ను వేగవంతం చేయించడం. అది జరిగాక చీటీ తీసేయమంటే వారే సంతోషంగా తీసేశారు.

పాస్‌వర్డుల విషయంలో పాత సలహాలను వదిలేయండి. మూడు నెలలకోసారి తప్పనిసరిగా మార్చమంటే జనం చివరి అంకెను ఒకటి పెంచి ఊరుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, బయటపడినట్టు ఆధారం లేనప్పుడు ఊరికే మార్పించవద్దని, చిహ్నాల కలగలుపు కంటే పొడవు ముఖ్యమని చెప్పింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వరుసగా రాయమనండి. చింతతొక్కు, గడియారం, దూడ, పదమూడు వంటివి ఏవైనా సరే. ఇక్కడ అచ్చయిన ఈ నాలుగింటిని మాత్రం వాడవద్దు. సామెత, పాట పల్లవి, ఇలవేల్పు పేరు, పిల్లల పేర్లు పనికిరావు. మెయిల్‌కూ బ్యాంకుకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ వంటి రెండో ఆధారం అడగడం) పెట్టించండి, ఒకచోట వాడిన పాస్‌వర్డ్ మరోచోట వాడనివ్వకండి.

డబ్బు పంపే నియమం: ముందుగా యజమానికే శిక్షణ

ఒక్క పనికి మాత్రమే సమయం ఉంటే ఇది చేయండి. డబ్బు పంపమని గాని, బ్యాంకు ఖాతా మార్చమని గాని ఫోనులోనో, మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో ఎవరు చెప్పినా, అప్పటికే కార్యాలయం రిజిస్టరులో రాసి ఉన్న నంబరుకు ఉద్యోగి తానే తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. కొత్త సందేశంలో ఇచ్చిన నంబరుకు చేయకూడదు. ఒక పరిమితి దాటిన మొత్తమైతే ఇద్దరు చూడాలి. ఈ నియమం కాగితం మీద రాయడం తేలిక. యజమాని గొంతు విని కూడా దాన్ని పాటించడం ఎంత కష్టమో ఒక నూనె మిల్లు కార్యాలయంలో కళ్లారా చూశాను.

నియమం చదివి వినిపించిన పావుగంటకు, ముందుగా అనుకున్న ప్రకారం యజమాని వరండాలోకి వెళ్లి వేరే నంబరు నుంచి ఖాతాలు చూసే ఆమెకు ఫోన్ చేశారు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను.

"ఏమ్మా, నేను బెంగళూరు దారిలో ఉండా. నా ఫోను చార్జింగు అయిపాయ, ఇది స్నేహితునిది. లోడు ఆపేసినారు. ఇప్పుడు చెప్పే ఖాతాకు రెండు లక్షల ఎనభై వేలు కొట్టు."

"సార్, ఏమీ అనుకోవాకండి. మీ నంబరుకు నేనే మళ్లా చేస్తా."

"స్విచ్చాఫ్ అయిందని చెప్తాండా కదా! నా గొంతు తెలీదా నీకు?"

ఆమె ఒక క్షణం ఆగి, "తెలుసు సార్" అంటూ ఖాతా నంబరు రాసుకోవడానికి పెన్ను అందుకుంది. ఆ చేయి పెన్ను మీద పడటం చూసి యజమాని లోపలికి వచ్చారు. ఆమె తలదించుకుంది. అప్పుడు ఆయన అన్న మాటను నేను ఇప్పటికీ ప్రతి శిక్షణలో చెబుతాను: "తప్పు నీది కాదమ్మా, గొంతు పెంచి నిన్ను ఆ పని చేయించింది నేను." ఆ తర్వాత నియమానికి ఇంకో వాక్యం కలిపి ఆయన స్వయంగా సంతకం చేశారు. తన నంబరు కలవకపోతే చెల్లింపు ఆగుతుంది, ఆగినందువల్ల వచ్చే నష్టం తనది, ఆపిన ఉద్యోగిని ఎవరూ ఏమీ అనకూడదు. ఈ వాక్యం లేని నియమం ఉద్యోగిని కాపాడదు. ఇప్పుడు కొద్దిసేపటి రికార్డింగు నుంచే మనిషి గొంతును నకలు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గనుక, గొంతు గుర్తుపట్టడాన్ని నిర్ధారణగా లెక్కించకూడదు.

సెలవుల ముందు రోజులకు ఇంకాస్త జాగ్రత్త చేర్చండి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి 8 కోట్ల 10 లక్షల డాలర్లు కొల్లగొట్టినవారు తమ పనిని గురువారం రాత్రి మొదలుపెట్టారు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, అమెరికాలో శని, ఆదివారాలు సెలవు, ఆ సోమవారం ఫిలిప్పీన్స్‌లో చైనీయుల నూతన సంవత్సరపు సెలవు. మన దగ్గర సంక్రాంతి, ఉగాది ముందు సాయంత్రాలు, మార్చి చివరి వారం అలాంటివే. ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడు తర్వాత కొత్త ఖాతాకు డబ్బు పంపకూడదని ఒక కార్యాలయంలో నియమం పెట్టించాను. దానివల్ల వారి వ్యాపారానికి ఏ ఇబ్బందీ రాలేదు.

నెలకు ఇరవై నిమిషాలు

నేర్చుకున్నదాన్ని మొదటి రోజుల్లోనే వేగంగా మరిచిపోతామని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. ఏడాదికి ఒక రోజు మొత్తం క్లాసు పెట్టడం కంటే నెలకు ఇరవై నిమిషాలు కూర్చోవడం మేలు. ఉదయం పని మొదలుకాకముందు, టీ తాగుతూ, తెలుగులో కూర్చోండి. తెర, ప్రొజెక్టరు అవసరం లేదు. ఆ నెలలో సిబ్బందిలో ఎవరికైనా వచ్చిన ఒక నిజమైన సందేశాన్ని తీసుకుని మాట మాటా విప్పి చూడండి.

ఒక ఉదాహరణ. 'పీఎం కిసాన్ 2,000 రూపాయలు మీ ఖాతాలో జమ కాలేదు. ఈ రోజు సాయంత్రం 5 గంటల్లోగా ఈ యాప్ ద్వారా కేవైసీ పూర్తి చేయండి.' కింద ఏపీకే అనే మూడక్షరాలతో ముగిసే ఒక ఫైలు. పథకం నిజమైనదే, ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వస్తాయి. రైతుకు ఆ 2,000 ఎంత అవసరమో రాసినవాడికి తెలుసు. గడువు అదే రోజు సాయంత్రం, అంటే సచివాలయానికి వెళ్లి అడిగే వ్యవధి ఉండకూడదు. వచ్చింది తెలిసినవారి నంబరు నుంచి, ఎందుకంటే వారి ఫోను అప్పటికే దొంగల చేతిలో పడింది. ఏపీకే అనేది నేరుగా ఫోనులోకి ఎక్కే యాప్ ఫైలు. అది ఎక్కి అనుమతులు పొందితే మనకు వచ్చే ఎస్ఎంఎస్‌లు, వాటిలోని ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. ఇంతవరకు విప్పాక, 'ఇది చదువుతున్నప్పుడు మీకు ముందుగా ఏమనిపించింది?' అని అడగండి. ఆత్రం, భయం, సంతోషం అనే మూడు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. తన మనసులో ఆ కదలిక రావడమే ఆగవలసిన గుర్తు అని ఉద్యోగి పసిగట్టగలిగితే, రేపు వచ్చే కొత్త రకం మోసానికి కూడా అది పనికివస్తుంది. నకిలీ చలానాలు, కరెంటు బిల్లులు, కొరియర్ పార్శిళ్లు అంటూ రకాలు మారుతూనే ఉంటాయి, వాటన్నిటినీ వల్లె వేయించడం సాధ్యపడదు.

మరో నెలలో సిబ్బందినే ఇద్దరేసి కూర్చోబెట్టి, 'మన కార్యాలయాన్ని మోసం చేయాలంటే మీరు ఎలాంటి సందేశం రాస్తారు?' అని అడగండి. నేను ఊహించని లోపాలు ఈ పద్ధతిలోనే బయటపడ్డాయి. కళాశాలలో పనిచేసే ఒక అటెండరు, ఫీజు వాపసు పేరుతో తల్లిదండ్రులకు పంపే సందేశాన్ని అచ్చం కళాశాల భాషలోనే రాసి చూపించాడు. ఆ మర్నాడే కళాశాలవారు ఫీజు వాపసు గురించి ఎప్పుడూ సందేశం పంపబోమని నోటీసు అతికించారు.

కొన్ని స్థిరమైన సంగతులను మాత్రం ప్రతిసారీ గుర్తుచేయాలి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతుంది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకులు, ఆర్థిక సంస్థల సేవా కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, కాబట్టి మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం' అంటే పెట్టేసి మనమే బ్యాంకుకు చేయాలి. అనుమానాస్పద కాల్స్‌ను కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలియజేయవచ్చు.

ఉత్తుత్తి మోసపు మెయిల్ పంపి సిబ్బందిని పరీక్షించాలని కొందరు యజమానులు ఉబలాటపడతారు. జీతం పెంపు, పండగ బోనస్ వంటి ఆశలు చూపి మాత్రం పరీక్షించవద్దు. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక పెద్ద సంస్థ 650 డాలర్ల బోనస్ ఇస్తున్నట్టు ఇలాంటి మెయిల్ పంపి, సిబ్బంది మనసు నొచ్చుకోవడంతో క్షమాపణ చెప్పుకుంది. పరీక్ష పెడితే ఎందరు నొక్కారన్నది లెక్కించకుండా, ఎందరు ఎంత త్వరగా వచ్చి చెప్పారన్నది లెక్కించండి. పేర్లు బయటపెట్టకండి.

జరగరానిది జరిగితే

ఒకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి కంప్యూటరు పక్కనా అతికించండి. అందులో మొదటి వాక్యం 'వెంటనే చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరు' అని ఉండాలి, కింద యజమాని సంతకం ఉండాలి. రెండోది, ఆ పరికరానికి ఇంటర్నెట్ తీసేయడం. మూడోది, మరో ఫోను నుంచి 1930కి కాల్ చేయడం. అది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ సహాయ నంబరు. అక్కడ నమోదైతే డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు జారిపోతుండగానే మధ్యలో నిలిపే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. ఆ వెంటనే బ్యాంకుకు తెలిపి ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. సిగ్గుతో సందేశాలు చెరిపేయకూడదు; అవే సాక్ష్యాలు.

బ్యాంకుకు త్వరగా చెప్పడానికి మరో బలమైన కారణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినప్పుడు, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు భరించవలసింది ఏమీ ఉండదు. ఓటీపీ చెప్పడం వంటి మన అజాగ్రత్త వల్ల పోయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అంటే దాచిపెట్టిన ప్రతి గంటా మన లెక్కలోకే వస్తుంది. కార్యాలయం కంప్యూటర్లలోకి ఎవరైనా చొరబడినట్టు తేలితే ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది. మీ ఆడిటరుకు ఆ పద్ధతి తెలుసో లేదో ముందే అడిగి ఉంచుకోండి.

తప్పు జరిగిందని ఒకరు వచ్చి చెప్పిన మొదటి నిమిషంలో యజమాని నోటి నుంచి వచ్చే మాట ఆ కార్యాలయాన్ని ఏళ్ల తరబడి నడిపిస్తుంది. ఆ మాటను కూడా ముందే అలవాటు చేయించండి. 'మంచిపని చేసినావు చెప్పి, రా, ఇద్దరం కలిసి బ్యాంకుకు ఫోన్ చేద్దాం' అని నేను కొందరు యజమానుల చేత రెండుమూడుసార్లు బిగ్గరగా పలికించాను. మొదట ఇబ్బందిపడ్డారు. కోపం వచ్చినప్పుడు మనిషికి కొత్త మాటలు తోచవు, పలికి ఉన్న మాటే వస్తుంది. బాధితుడు ఇంటికి వెళ్లాక ఒంటరిగా కుమిలిపోకుండా ఆ సాయంత్రం ఒకరు ఫోన్ చేసి మాట్లాడాలి. డబ్బు పోయినవారు ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదాన్ని తేలికగా తీసుకోవద్దు.

మూడు నెలల తర్వాత మీ శ్రమ ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నపత్రాలు వద్దు. అందరూ కూర్చున్నప్పుడు, యజమాని కూడా ఉండగా, అందరికంటే చిన్న ఉద్యోగిని అడగండి: 'రాత్రి తొమ్మిదికి సార్ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఏం చేస్తావు?' ఆ అమ్మాయి చెప్పే జవాబు కంటే ఆమె చూపును గమనించండి. జవాబుకు ముందు ఆమె కళ్లు సార్ ముఖం వైపు వెళితే, వచ్చే నెల ఇరవై నిమిషాల్లో యజమానిని మళ్లీ వరండాలోకి పంపి, వేరే నంబరు నుంచి ఈసారి ఆ అమ్మాయికే ఫోన్ చేయించండి.